2001 రామ్ 2500 కమ్మిన్స్, 47ఆర్‌ఈ గేర్‌బాక్స్: టెంపరేచర్ సెన్సర్ పాన్‌లో పెట్టాలా, హాట్ లైన్‌లో పెట్టాలా?

అమరిల్లో_డీజిల్

నమస్తే అండీ. బండి 2001 డాడ్జ్ రామ్ 2500, 5.9 లీటర్ల కమ్మిన్స్ 24 వాల్వ్, 47ఆర్‌ఈ ఆటోమేటిక్, 4×4. వెనక 9,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్ కడతాం. ఈ వేసవిలో రటోన్ పాస్ కొండదారి మీదుగా కొలరాడో వెళ్లాలి. డ్యాష్‌లో ట్రాన్స్‌మిషన్ వేడి చూపించే గేజ్ లేదు కాబట్టి బయట ఒకటి కొన్నాను. 100 నుంచి 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా చూపించే ఎలక్ట్రిక్ గేజ్ అది. దాని సెండర్‌కి (వేడిని కొలిచి గేజ్‌కి పంపే సెన్సర్) ఒకటే వైరు, 1/8 ఎన్‌పీటీ మర (కోసుగా ఉండే పైపు మర). ముందు అద్దం పక్క స్తంభానికి గేజ్ బిగించే ఎ-పిల్లర్ పాడ్ కూడా దొరికింది.

అడగాల్సినవి ఇవీ. సెండర్ ఎక్కడ బిగించాలి? ఫ్యాక్టరీ పాన్‌కి (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కనీసం డ్రెయిన్ ప్లగ్ కూడా లేదు, దానికే బెజ్జం వేసి ట్యాప్ కొట్టేయొచ్చా? మరలకి టెఫ్లాన్ టేప్ చుట్టాలా? ఎక్కేటప్పుడు సూది ఎంత దాటితే బండి ఆపాలి?

షిఫ్ట్‌కిట్

ముందు చోటు తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకాలే వస్తాయి. ఒకే బండిలో ఒకే నిమిషంలో మూడు చోట్ల కొలిస్తే మూడు అంకెలు వస్తాయి. మూడూ నిజమే, కాకపోతే ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతుంది.

47ఆర్‌ఈలో పంపు పాన్‌లోంచి ఆయిల్ లాగి టార్క్ కన్వర్టర్‌కి (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) పంపుతుంది. వేడి ఎక్కువగా పుట్టేది ఆ కన్వర్టర్‌లోనే, అదీ లాకప్ (కన్వర్టర్ జారకుండా ఇంజిన్‌తో నేరుగా కలిసిపోవడం) పడనప్పుడు. అందులోంచి కాలుతూ వచ్చిన ఆయిల్ గేర్‌బాక్స్‌కి ప్యాసింజర్ వైపున్న రెండు కూలర్ ఫిట్టింగుల్లో ముందుదాని గుండా బయటికి పోతుంది. హాట్ లైన్ అంటే అదే. ఇంజిన్ పక్కన కూలెంట్‌తో పనిచేసే హీట్ ఎక్స్‌ఛేంజర్, రేడియేటర్ ముందున్న కూలర్, రెండూ దాటాక వెనక ఫిట్టింగ్ గుండా తిరిగొస్తుంది. అలా వచ్చిన ఆయిల్ వెనక భాగంలోని బేరింగులనీ గేర్లనీ తడిపి పాన్‌లోకి జారుతుంది.

కాబట్టి పాన్‌లో ఉండేది కూలర్ దాటొచ్చిన ఆయిల్. పంపు మళ్లీ లాగేదీ, గేర్లు మార్చే క్లచ్‌లకీ బ్యాండ్‌లకీ వెళ్లేదీ అదే. పాన్ రీడింగ్ నిదానంగా మారుతుంది, ఆయిల్ మొత్తం ఎంత వేడి మీద బతుకుతోందో చెబుతుంది. హాట్ లైన్ రీడింగ్ క్షణాల్లో మారుతుంది, కన్వర్టర్ ఎంత కష్టపడుతోందో చెబుతుంది. లాకప్ వదిలి ఎత్తు ఎక్కుతుంటే లైన్‌లో 250 దాటిపోయినా పాన్‌లో ఇంకా 180 దగ్గరే ఉండొచ్చు.

మూడో చోటు టెస్ట్ పోర్ట్. గేర్‌బాక్స్ కుడివైపు ముందు భాగంలో, అక్యుమ్యులేటర్ దగ్గర, లైన్ ప్రెషర్ చూసే పోర్ట్‌కి చిన్న ప్లగ్ ఉంటుంది. అదీ 1/8 ఎన్‌పీటీయే కాబట్టి ప్లగ్ తీసి సెండర్ పెడితే పని పది నిమిషాల్లో అయిపోతుంది. పాన్ దించక్కర్లేదు, లైన్ కొయ్యక్కర్లేదు. లోటేంటంటే అక్కడ ప్రెషర్ ఉంటుంది గానీ ఆయిల్ పారదు, నిలబడిపోతుంది. అందుకే అంకె పాన్‌కి దగ్గరగానే ఉన్నా కాస్త ఆలస్యంగా కదులుతుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: కేసు వెనకవైపున్న రియర్ సర్వో, గవర్నర్ పోర్టుల జోలికి పోవద్దు. రియర్ సర్వోకి ప్రెషర్ వచ్చేది రివర్స్‌లోనూ, లివర్ 1లో పెట్టినప్పుడూ మాత్రమే. హైవే మీద ఆ పోర్ట్ చూపించే అంకెకి అర్థం లేదు.

మీకున్నది ఒకటే గేజ్, చేయాల్సింది దూరప్రయాణం. నా ఓటు పాన్‌కే.

ఏడుశాతం_ఎత్తు

షిఫ్ట్‌కిట్ గారు దారి సరిగ్గా చెప్పారు గానీ, ట్రైలర్ లాగేవాళ్లకి పాన్ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. పాన్‌లో సూది లేచేసరికి కన్వర్టర్ చాలాసేపటి నుంచి ఉడుకుతూ ఉంటుంది. హాట్ లైన్‌లో అయితే యాక్సిలరేటర్ తగ్గించిన వెంటనే, లాకప్ పడిన వెంటనే తేడా కళ్లకి కనబడుతుంది. ఏ స్పీడులో, ఏ గేర్‌లో బండికి సుఖంగా ఉందో అప్పటికప్పుడే తెలుస్తుంది.

లైన్‌లో పెట్టేవాళ్లు మామూలు టీ ఫిట్టింగ్ వాడి పక్క కొమ్మలో సెండర్ దూర్చేస్తారు. అక్కడ ఆయిల్ పారదు కదా, సూది 20, 30 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, మనం ధైర్యంగా తోలేస్తాం. సెండర్ కొన పారే ఆయిల్ మధ్యలో మునిగేలా ఉండే ఫ్లో-త్రూ ఫిట్టింగే కొనండి. ఈ బండికి 3/8 అంగుళం స్టీల్ లైన్లు. హ్యాక్సాతో కాకుండా ట్యూబ్ కట్టర్‌తోనే కొయ్యండి, పొట్టు లోపలికి పోతే నేరుగా కూలర్లో చేరుతుంది.

అదే హాట్ లైన్‌లో ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన డ్రెయిన్-బ్యాక్ చెక్ వాల్వ్ ఉంటుంది. బండి ఆగినప్పుడు కన్వర్టర్ ఖాళీ అవకుండా అది ఆపుతుంది. పాతబడితే అది సగం మూసుకుపోయి కూలర్‌కి వెళ్లే ఆయిల్‌నే అడ్డుకుంటుంది. లైన్ విప్పినప్పుడే ఫ్లో కొలిచేయండి: రిటర్న్ లైన్‌ని ఒక డబ్బాలోకి పెట్టి, ఇంజిన్ ఐడిల్, గేర్ న్యూట్రల్, 20 సెకన్లలో ఒక క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) పడాలి. పడకపోతే గేజ్ సంగతి తర్వాత, ముందు అడ్డం ఎక్కడుందో చూడండి.

ఇంకోటి. ఫిట్టింగ్‌కి రెండువైపులా రబ్బర్ హోస్ ఉంటే మీ ఒక వైరు సెండర్‌కి ఎర్త్ దొరకదు. ఫిట్టింగ్ మీద ఒక హోస్ క్లాంప్ బిగించి, దాని కింద నుంచి ఎర్త్ వైరు ఇంజిన్ బ్లాక్‌కి లాగాలి.

బెల్‌హౌసింగ్

పాన్‌కి పెట్టే పద్ధతి చెబుతాను, ఆయన ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ఫ్యాక్టరీ రేకుకి నేరుగా ట్యాప్ కొట్టకండి. 1/8 ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు. రేకు 1/16 అంగుళం మందం అనుకున్నా రెండు మరలు కూడా పూర్తిగా పట్టవు. బిగించిన రోజు బాగానే ఉంటుంది, రాయి తగిలిన రోజు ఊడిపోయి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. ఉన్న దారులు రెండు. లోపల 1/8 ఎన్‌పీటీ మర కోసి ఉన్న స్టీల్ బంగ్ ఒకటి కొని పాన్‌కి వెల్డ్ చేయించడం ఒకటి. డ్రెయిన్ ప్లగ్, సెన్సర్ పోర్ట్ రెండూ ముందే ఉన్న పోత అల్యూమినియం పాన్ కొనడం రెండోది. డబ్బు ఫర్వాలేదనుకుంటే రెండోదే మేలు. ఆయిల్ ఎక్కువ పడుతుంది, మళ్లీ మార్చేటప్పుడు ఒళ్లంతా తడుపుకోనక్కర్లేదు.

వెల్డ్ చేయిస్తే చోటు పాన్ పక్క గోడ మీద, డ్రైవర్ వైపు వెనక. ఎగ్జాస్ట్ ప్యాసింజర్ వైపు దిగుతుంది, దాని వేడి సెండర్‌కీ వైరుకీ తగలకూడదు. అడుగునుంచి ఒక అంగుళం ఎత్తులో పెట్టండి, ఎప్పుడూ ఆయిల్‌లో మునిగే ఉంటుంది, రోడ్డుకి మరీ కిందికి వేలాడదు. బెజ్జం వేసే ముందే పాన్‌ని కింద నుంచి ఆనించి, సెండర్ కొన ఫిల్టర్‌కి తగలకుండా కనీసం అర అంగుళం ఖాళీ ఉందో లేదో కొలుచుకోండి. తొందరలో అందరూ వదిలేసే పని ఇదే.

వెల్డింగ్ వేడికి పాన్ అంచు వంగుతుంది. పని అయ్యాక బోర్లించి మందపాటి అద్దం మీద పెట్టి చూడండి, వెలుతురు కనబడిన చోట చెక్క ఆనించి సుత్తితో సరిచేయండి. తర్వాత పాన్‌లో కిరసనాయిల్ పోసి కాసేపు వదిలేస్తే వెల్డ్‌లో సూదిమొన అంత బెజ్జం ఉన్నా బయట తడి కనబడుతుంది. చివరగా లోపలంతా కడిగి, అయస్కాంతం తుడిచి, ఒక్క ఇనుప పొట్టు కూడా లేకుండా చూసుకోండి.

దించేటప్పుడు: ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడే చేయండి, మరీ కాలుతుంటే వద్దు. పాన్‌కి 14 బోల్టులు. ఒక మూల రెండు బోల్టులు సగం వదిలి ఉంచి మిగతావి తీస్తే పాన్ ఆ మూలకి వేలాడి, ఆయిల్ ఎదుటి వైపు నుంచి ట్రేలోకి దిగుతుంది. సుమారు 4 క్వార్టులు వస్తుంది. కన్వర్టర్‌లోదీ కూలర్లోదీ ఇలా రాదు.

పాన్ ఎలాగూ దిగింది కాబట్టి ఫిల్టర్ కూడా మార్చేయండి. దానికి టీ25 టార్క్స్ స్క్రూలు, 35 అంగుళ-పౌండ్లు చాలు. వెనక బ్యాండ్ అడ్జస్టర్ ఉండేది కూడా పాన్ లోపలే: లాక్‌నట్ వదులు చేసి, స్క్రూని 72 అంగుళ-పౌండ్లకి బిగించి, సరిగ్గా 3 చుట్లు వెనక్కి తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్‌నట్ బిగించాలి. ముందు బ్యాండ్‌ది బయట, డ్రైవర్ వైపు గేర్ లివర్ పైన. దానికీ 72 అంగుళ-పౌండ్లే, వెనక్కి తిప్పేది మాత్రం ఒకటీ ముప్పావు కాదు, ఒకటీ 7/8 చుట్టు.

పాన్ బోల్టులు 13 అడుగు-పౌండ్లు, ఎదురెదురుగా, రెండు విడతల్లో. అంగుళ-పౌండ్ల పానా, అడుగు-పౌండ్ల పానా తారుమారయితే అల్యూమినియం కేసులో మరలు పోతాయి, జాగ్రత్త. కారుతోందని కార్క్ గ్యాస్కెట్‌ని ఇంకా ఇంకా బిగిస్తే అది బయటికి పిండుకొచ్చి మరీ కారుతుంది. రబ్బరు పూసిన స్టీల్ గ్యాస్కెట్ అయితే ఆ బాధ లేదు, మళ్లీ వాడుకోవచ్చు.

ఆయిల్ ఏటీఎఫ్+4 మాత్రమే. 4 క్వార్టులు పోసి స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి అన్ని గేర్లూ ఒక్కో క్షణం తిప్పి న్యూట్రల్‌కి తెండి. వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, న్యూట్రల్‌లోనే డిప్‌స్టిక్ చూడాలి. పార్క్‌లో పెట్టి చూస్తే తప్పు లెవెల్ చూపిస్తుంది. పెద్ద పాన్ వేస్తే దానికి పట్టే అదనపు ఆయిల్ కూడా కలుపుకోండి.

అమరిల్లో_డీజిల్

చాలా వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. అల్యూమినియం పాన్ వేసి సెండర్ అందులోనే బిగించాను, కారడం లేదు. ఇప్పుడు వైరింగ్ దగ్గర ఒక తిరకాసు. పగలు రీడింగ్ బాగానే ఉంది, హెడ్‌లైట్లు వేయగానే సూది 15 డిగ్రీలు పైకి గెంతుతోంది. బ్లోయర్ ఫుల్ పెడితే ఇంకొంచెం లేస్తోంది. సెండర్ పోయిందా? మరలకి టేప్ చుట్టాను, అదేమైనా కారణమా?

మల్టీమీటర్

సెండర్ బాగానే ఉంది, తప్పు గేజ్ ఎర్త్‌లో ఉంది. మీరు గేజ్ నల్ల వైరుని డ్యాష్ కింద వేరే లైట్ల ఎర్త్‌తో కలిపి ఉంటారు, లేదా పెయింట్ మీద స్క్రూ బిగించి ఉంటారు. లైట్లు వేస్తే ఆ కరెంటంతా అదే దారిన పోతుంది, అక్కడ వోల్టేజ్ కాస్త పైకి లేస్తుంది. సెండర్ ఎర్త్ అయ్యేది గేర్‌బాక్స్ కేసుకి, అది సున్నా దగ్గరే ఉంటుంది. ఈ రెంటి మధ్య తేడాని గేజ్ సెండర్ రెసిస్టెన్స్ తగ్గినట్టు లెక్కేస్తుంది. ఈ సెండర్లలో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది కాబట్టి సూది పైకి పోతుంది.

మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి ఒక కొన గేజ్ నల్ల వైరు దగ్గర, ఇంకో కొన బ్యాటరీ నెగటివ్ మీద ఆనించండి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూడండి. 0.1 వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. గేజ్‌కి విడిగా 18 గేజ్ మందం వైరు లాగి, పెయింట్ గీకేసిన శుభ్రమైన లోహం మీద రింగ్ టెర్మినల్‌తో బిగించండి. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ స్ట్రాప్ కూడా ఒకసారి చూడండి, ఇన్నేళ్ల బండిలో అది ఆకుపచ్చగా తుప్పు పట్టి పీచులు తేలి ఉంటుంది.

ఇప్పుడు టేప్ సంగతి. ఒక వైరు సెండర్‌కి ఎర్త్ దాని మరలే. టేప్ మందంగా చుడితే ఆ సంబంధం తెగిపోవచ్చు, లేదా వేడికోసారి చలికోసారి మారొచ్చు. ఎన్‌పీటీ మర కోసుగా ఉంటుంది, బిగించేకొద్దీ దానంతటదే సీలవుతుంది. కొనదగ్గర రెండు మరలు వదిలేసి లిక్విడ్ పైప్ సీలెంట్ పల్చగా రాస్తే చాలు. చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన పానాతో ఒకటిన్నర చుట్టు. కోసు మర కాబట్టి బలంగా లాగితే అల్యూమినియం పగులుతుంది. మీది కారడం లేదంటున్నారు కాబట్టి తీయొద్దు. సెండర్ ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య ఓములు కొలవండి, అర ఓము లోపు ఉంటే టేప్ వల్ల నష్టమేమీ జరగలేదు.

మొత్తం వైరింగ్ పరీక్ష కూడా ఒక నిమిషం పనే. కీ ఆన్ చేసి సెండర్ వైరు ఊడదీస్తే సూది అట్టడుక్కి పోవాలి. అదే వైరుని కేసుకి ఆనిస్తే చివరిదాకా లేవాలి. రెండూ జరిగితే గేజ్, వైరు బాగున్నట్టు, అనుమానం సెండర్ మీద మిగులుతుంది. అప్పుడు సెండర్ తీసి, ఒంటికి ఒక వైరుతో ఎర్త్ ఇచ్చి, మరిగే నీళ్లలో కొన ముంచండి. సముద్రమట్టం దగ్గర 212 చూపించాలి. మీ పేరులో ఉన్న టెక్సస్ ఊరు అమరిల్లో సుమారు 3,600 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి మీ ఇంట్లో నీళ్లు 205 దగ్గరే మరుగుతాయి, ఆ అంకె వస్తే సెండర్ నిక్కచ్చిగా ఉన్నట్టే. ఒక కంపెనీ గేజ్‌కి ఇంకో కంపెనీ సెండర్ మాత్రం పెట్టొద్దు. మర సరిపోతుంది గానీ రెసిస్టెన్స్ లెక్క సరిపోదు.

వైరు దారి కూడా సరిచూసుకోండి. గేర్‌బాక్స్ పక్కనుంచి పైకి లాగేటప్పుడు గేర్ లింకేజ్, టీవీ కేబుల్ (థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి వచ్చే కేబుల్) కదిలే చోట అడ్డం రాకూడదు, ముందు డ్రైవ్ షాఫ్ట్‌కి అందకూడదు, ఎగ్జాస్ట్‌కి దూరంగా ఉండాలి. ముడతల ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి జిప్ టైలు వేయండి. ఫైర్‌వాల్‌లో రేకు అంచు మీద కాకుండా రబ్బర్ గ్రామెట్‌లోంచే తీయండి. వైరు ఒరుసుకుపోయి ఎర్త్‌కి తగిలితే సూది ఒక్కసారిగా 250కి పోయి అక్కడే నిలబడుతుంది. ఎత్తు మధ్యలో అది చూస్తే గుండె జారుతుంది. అసలు వేడి ఎప్పుడూ అలా గెంతదు, ఎక్కుతూ పోతుంది.

పవర్‌కి డ్యాష్ ఎడమ చివర, డ్రైవర్ తలుపు తీస్తే కనబడే ఫ్యూజ్ పెట్టెలో, కీ ఆన్‌లోనే 12 వోల్టులు వచ్చే చోటు మీటర్‌తో వెతికి యాడ్-ఎ-ఫ్యూజ్ (ఉన్న ఫ్యూజ్ చోటు నుంచే ఇంకో లైన్ తీసే అడాప్టర్) పెట్టండి, 3 యాంపులు సరిపోతుంది. సెండర్ తల మీద నట్ బిగించేటప్పుడు రెండో పానాతో అడుగు నట్ పట్టుకోండి. స్టడ్ తిరిగిందంటే లోపలి తీగ తెగుతుంది.

షిఫ్ట్‌కిట్

చివరి ప్రశ్న మిగిలిపోయింది, అంకెలు. ఇవి పాన్ రీడింగులు, హాట్ లైన్‌కి వర్తించవు. ట్రైలర్ లేకుండా 150 నుంచి 180. ట్రైలర్‌తో చదునైన రోడ్డు మీద 200 లోపు ఉంటే హాయి. ఎత్తులో 220 దాకా వెళ్లి, దిగేటప్పుడు మళ్లీ తగ్గితే కంగారు లేదు. 220 దగ్గరే ఉండిపోతే స్పీడ్ తగ్గించండి. 240 చూస్తే మంచి చోటు వెతికి ఆపండి. 175 దాటాక ప్రతి 20 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని ట్రాన్స్‌మిషన్ పని చేసేవాళ్ల మోటు లెక్క.

ఈ బండి కంప్యూటర్‌కి కూడా వేడి తెలుస్తుంది, గవర్నర్ ప్రెషర్ సెన్సర్‌లో థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే భాగం) ఉంది. అది 260 దాటాకే 4 నుంచి 3కి దించుతుంది, 230కి చల్లబడేదాకా ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేర్) ఇవ్వదు. అందాకా ఆగితే ఆలస్యమే.

రటోన్ 7,834 అడుగులు. ఎత్తు మొదలవకముందే ఓవర్‌డ్రైవ్ ఆఫ్ బటన్ నొక్కేయండి. అలా నొక్కితేనే ఇది మూడో గేర్‌లో కన్వర్టర్ లాక్ చేస్తుంది. లాక్ పడినప్పుడు ఆర్‌పీఎం కాస్త పడిపోతుంది, అది చూసుకోండి. లాక్ వదిలి మెల్లగా పాకడం కంటే లాక్‌లో ఉండి ఇంజిన్ తిరగనివ్వడమే చల్లన.

ఏడుశాతం_ఎత్తు

ఆపినప్పుడు పార్క్‌లో పెట్టకండి అని కూడా చేర్చండి. ఫ్యాక్టరీ వాల్వ్ బాడీ (ఆయిల్‌ని దారి మళ్లించే వాల్వుల దిమ్మ) ఉన్న 47ఆర్‌ఈలో పార్క్‌లో కన్వర్టర్‌కీ కూలర్‌కీ ఆయిల్ వెళ్లదు. వేడి ఆయిల్ కన్వర్టర్‌లోనే కూర్చుంటుంది, పాన్ గేజ్ మాత్రం తగ్గినట్టు కనబడుతుంది. పార్కింగ్ బ్రేక్ వేసి, చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టి, న్యూట్రల్‌లో ఐడిల్ కన్నా కాస్త ఎక్కువగా, 1,000 ఆర్‌పీఎం దగ్గర నడవనివ్వండి. సూది 180కి వచ్చాక ఇంజిన్ ఆపండి.

అమరిల్లో_డీజిల్

గేజ్‌కి విడి ఎర్త్ వేశాను, లైట్లు వేసినా బ్లోయర్ తిప్పినా సూది కదలడం లేదు. సెండర్ ఒంటికీ బ్యాటరీకీ మధ్య 0.2 ఓములు వచ్చింది, టేప్ అలాగే ఉంచేస్తున్నాను. ఇంజిన్ స్ట్రాప్ మాత్రం నిజంగానే పీచులు తేలి ఉంది, కొత్తది తెప్పిస్తున్నాను.